కొవ్వు చర్మానికి ఏం చేస్తుంది?

సభకు నమస్కారం.

లైపోసక్షన్‌లో, అంటే గొట్టంతో ఒంట్లోని కొవ్వును పీల్చి తీసే ఆపరేషన్‌లో, లాగిన కొవ్వును మా ప్లాస్టిక్ సర్జన్లు చాలాకాలం పారబోశారు. పారబోసేదేమిటో తర్వాతగానీ తెలియలేదు. నిజానికి కొవ్వును ఒకచోట తీసి మరోచోట పెట్టే ఆలోచన లైపోసక్షన్ కంటే బాగా పాతది. 1893లోనే జర్మనీలో గుస్టావ్ నాయ్‌బర్ అనే సర్జన్ రోగి చేతి నుంచి చిన్న కొవ్వు ముక్కలు తీసి, ముఖం మీద గుంటపడ్డ మచ్చను పూడ్చాడు. ముక్క పెద్దదైతే బతకదని కూడా ఆయన గమనించాడు.

ఎందుకు బతకదు? కొత్తచోట దానికి రక్తనాళం ఉండదు. నాళాలు పుట్టేదాకా చుట్టూ ఉన్న కణజాలం నుంచి ఊరి వచ్చే ఆక్సిజనే ఆధారం. వరి నారంతా తెచ్చి ఒకేచోట గుచ్చితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. 1990లలో న్యూయార్క్ సర్జన్ సిడ్నీ కోల్‌మన్ కొవ్వును సన్నని గొట్టంతో, పలుచటి పోగుల్లా, వేరువేరు పొరల్లో వదిలే పద్ధతిని నిలబెట్టాడు. అప్పటికి అందరి లెక్కా ఒకటే: గుంట పూడాలి. కానీ కొవ్వు పెట్టిన చోట పైనున్న చర్మం కూడా మెత్తబడుతోందని, మచ్చ రంగు తగ్గుతోందని ఆయన రాశాడు.

ఈలోగా 2001లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజిలిస్‌లో పట్రీషియా జుక్ బృందం లైపోసక్షన్ వ్యర్థంలో మూలకణాలు, అంటే వేరే రకాల కణాలుగా మారగల ‘స్టెమ్ సెల్స్’, ఉన్నాయని చూపించింది. ప్రయోగశాలలో అవి ఎముకగా, మృదులాస్థిగా, కొవ్వుగా మారగలవు. ఎముక మజ్జలో దొరికే వాటికంటే ఇక్కడ ఎన్నో రెట్లు ఎక్కువగా దొరుకుతాయి, తీయడమూ తేలిక.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది 2007లో ఇటలీలోని వెరోనా నుంచి వచ్చిన పని. క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవాళ్లలో కొందరికి ఏళ్ల తర్వాత ఆ భాగంలో చర్మం అట్టకట్టి, సన్నని రక్తనాళాలు మూసుకుపోయి, మానని పుండ్లు పడతాయి. అలాంటి చర్మానికి కుట్టు వేసినా అతకదు. జీనో రిగొట్టి బృందం అలాంటి 20 మందికి వాళ్ల కొవ్వునే ఆ చర్మం కిందకు ఎక్కించింది. చాలామందికి గుణం కనిపించింది. మైక్రోస్కోపు కింద కొత్త రక్తనాళాలూ కనిపించాయి. కాలిన మచ్చలకూ కొవ్వు వాడుతున్నది ఈ దారిలోనే. పట్టేసిన మచ్చ కాస్త వదులై, లాగినట్టుండే నొప్పి తగ్గితే, మెడ తిప్పలేని మనిషికి అది చిన్న విషయం కాదు.

మూలకణాలే కొత్త చర్మంగా మారిపోతాయని మీరు విని ఉంటారు. జరిగేది ప్రధానంగా అది కాదు. ఎక్కించిన కొవ్వు కణాల్లో అంచున ఉన్నవి తప్ప చాలావరకు కొద్దిరోజుల్లోనే చనిపోతాయి. తక్కువ ఆక్సిజన్‌కు ఓర్చుకోగల మూలకణాలు మిగులుతాయి. అవి కొత్త కొవ్వును పుట్టిస్తాయి, చుట్టుపక్కల కణాలను ప్రేరేపించే ప్రోటీన్లు వదులుతాయి. నాళాలు మొలిపించేవి, వాపు తగ్గించేవి అందులో ఉంటాయి. అంటే మరమ్మతు చేసేది చాలావరకు అక్కడి చర్మమే.

2013లో బెల్జియం సర్జన్లు టొనార్డ్, వెర్‌పేల్ ఇంకో అడుగు వేశారు. కొవ్వును రెండు సిరంజిల మధ్య 30 సార్లు అటూ ఇటూ నెట్టి, గుడ్డలో వడకట్టి, సన్నసూదిలో దిగే ద్రవంగా చేశారు. నానోఫ్యాట్ అంటున్నది దీన్నే. ఇందులో బతికున్న కొవ్వు కణాలు దాదాపు ఉండవు, మూలకణాలు మిగులుతాయి. గుంటలు పూడ్చడానికి పనికిరాదు. సన్న ముడతలకు, కళ్ల కింద నలుపుకు వాడతారు. ఫలితాలు బాగున్నాయనే వ్యాసాలు చాలానే వచ్చాయి. పోల్చి చూసిన గట్టి పరీక్షలు మాత్రం తక్కువ. డబ్బు పెట్టేముందు ఈ తేడా తెలిసి ఉండాలి.

ఇక ‘స్టెమ్ సెల్’ అని రాసి అమ్మే క్రీములు. ఆపిల్ మూలకణాలట! సీసాలో నెలల తరబడి ఏ కణమూ బతకదు. అందులో ఉండేది సారం. ముఖానికి రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదు, కానీ దానికీ నేను చెప్పినదానికీ సంబంధం లేదు.

ప్రమాదం ఇంకోచోట ఉంది. ముఖం మీద, ముఖ్యంగా కనుబొమల మధ్య, సూది పొరపాటున ధమనిలోకి దిగితే కొవ్వు కంటి రక్తనాళం దాకా ఎదురెక్కి చూపు పోవచ్చు. అమెరికాలో ఫ్లోరిడా క్లినిక్ ఒకటి కొవ్వు నుంచి తీసిన కణాలను నేరుగా కళ్లలోకి ఎక్కించగా ముగ్గురు మహిళల చూపు పోయిందని 2017లో వైద్య పత్రికలో వచ్చింది. మీ కొవ్వే కాబట్టి మీకు హాని చేయదన్న వాదన అక్కడే వీగిపోయింది.

పద్ధతిగా పరీక్షించినవీ కొన్నిసార్లు నిలవవు. దాతల కొవ్వు నుంచి పెంచిన కణాలతో చేసిన అలోఫిసెల్ మందుకు, క్రోన్స్ అనే పేగువాపు జబ్బులో మలద్వారం దగ్గర పడే ఫిస్టులాల (మానని సొరంగాల్లాంటి పుండ్ల) కోసం యూరప్ 2018లో అనుమతి ఇచ్చింది. తర్వాతి పెద్ద పరీక్షలో ప్రయోజనం రుజువు కాలేదు. 2024లో దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ జబ్బుల వంటి కొన్నిటికి చేసే మూలకణాల మార్పిడి తప్ప మిగతావి అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే, అంటే మనుషుల మీద పద్ధతిగా చేసే పరీక్షలోనే, జరగాలి. మామూలు కొవ్వు మార్పిడి వేరు, కణజాలాన్ని కరిగించే ఎంజైములతో కణాలను విడదీసి ఎక్కించడం వేరు. కాబట్టి క్లినిక్‌లో అడగవలసినవి: కొవ్వును ఏం చేసి ఎక్కిస్తున్నారు? ఎంజైములు వాడుతున్నారా? ట్రయల్ అయితే రిజిస్ట్రేషన్ నంబరు ఏది? ట్రయల్ అంటూనే రోగి దగ్గర ఫీజు అడిగితే లేచి వచ్చేయండి.