తుఫాను సరుకులు: 600 రూపాయల్లో నలుగురికి మూడు రోజుల తిండి | ఏది కొనాలి, ఏది దండగ

నమస్తే అండి. అక్టోబర్ వచ్చిందంటే కోస్తాలో అందరి చెవులూ వాతావరణ వార్తల మీదే ఉంటాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకాక రోజుల తరబడి కరెంటు లేదు, పాలు లేవు, మంచినీళ్లు దొరకలేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగితే, మేడ మీద ఉన్నవాళ్లకి పడవల్లో, డ్రోన్లతో పొట్లాలు పంపాల్సి వచ్చింది. ఆ పొట్లం వచ్చేదాకా ఇంట్లో ఏం తినాలి? ఈ రివ్యూ దాని గురించే. లెక్క నలుగురికి, మూడు రోజులకి. పొయ్యి వెలిగించే పని లేదు.

మొదలుపెట్టే ముందు ఈ బకెట్ చూడండి. స్టీలు డబ్బా ఒకటి, నొక్కి పెట్టే మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి, రెండు లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ సీసా ఒకటి. మూడింట్లోనూ టిష్యూ పేపర్ ముక్క వేసి మూత పెట్టాను. తేలకుండా పైన రాయి పెట్టి నీళ్లలో ముంచేస్తున్నా. సరుకు ఏ డబ్బాలో పెడితే తడవదో వీడియో చివర్లో తీసి చూద్దాం.

ఇక తిండి. చాలామంది సూపర్ మార్కెట్‌కి వెళ్లి నూడుల్స్, వేడినీళ్లు పోసుకునే ఉప్మా కప్పులు బండి నిండా వేసుకుంటారు. కప్పు 50 రూపాయలు వేసుకున్నా నలుగురికి మూడు పూటలు, మూడు రోజులు అంటే 36 కప్పులు, 1800 రూపాయలు. పైగా ప్రతి కప్పుకీ మరిగే నీళ్లు కావాలి. గ్యాస్ బండ నీళ్లలో ఉంటే ఆ కప్పులు ఎందుకూ పనికిరావు. బిస్కెట్లు పిల్లలకి రెండు ప్యాకెట్లు చాలు. తీపి ఎక్కువ తింటే దాహం వేస్తుంది, అప్పుడు మనకి కరువయ్యేది నీళ్లే. బ్రెడ్ అయితే ఆ ముసురుకి మూడో రోజే బూజు పడుతుంది.

నా ఓటు అటుకులకి. మనిషికి రోజుకి 200 గ్రాముల అటుకులు, 80 గ్రాముల పుట్నాలు, 80 గ్రాముల వేరుశనగ గుళ్లు, 60 గ్రాముల బెల్లం. సుమారు 1650 క్యాలరీలు వస్తాయి. మాంసకృత్తులకీ లోటు ఉండదు. నలుగురికి మూడు రోజులంటే అటుకులు రెండున్నర కిలోలు, పుట్నాలు కిలో, గుళ్లు కిలో, బెల్లం ముప్పావు కిలో. అటుకులు కిలో 70, పుట్నాలు 130, గుళ్లు 150, బెల్లం 70 వేసుకుంటే మొత్తం 510 లోపే. మీ ఊళ్లో ధర కాస్త అటూ ఇటూ అయినా 600 దాటదు. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే వాళ్ల వాటా బెల్లం తీసేసి పుట్నాలు పెంచండి. పళ్లు లేని పెద్దవాళ్లకి పుట్నాలు ముందే పొడి కొట్టి పెట్టండి.

అటుకుల్లో మందంవి కొనకండి. వాటిని కడిగి, పిండి, నాననివ్వాలి, దానికి నీళ్లు ఎక్కువ పడతాయి. పల్చటివైతే అర గ్లాసు నీళ్లు చిలకరించి మూత పెడితే ఐదు నిమిషాల్లో మెత్తబడతాయి. ఒక్క ఇబ్బంది ఉంది. పల్చటివి అడుగున నలిగి పొడైపోతాయి, ఆ పొడి తడిస్తే ముద్దవుతుంది. కొనేటప్పుడు సంచి అడుగు చూసి తీసుకోండి. మరమరాలు చవకే గానీ, కిలోకే బకెట్ నిండిపోతుంది. చెమ్మ తగిలితే సాగుతాయి.

గుళ్లు పచ్చివే కొనండి. వేయించినవి తొందరగా పాత నూనె వాసన కొడతాయి. వాతావరణ శాఖ తుఫాను అలర్ట్ కనీసం 48 గంటల ముందు ఇస్తుంది, అప్పుడు వేయించుకోవచ్చు. వరద అంత గడువు ఇవ్వదు. అందుకే వాగుల పక్కన, పల్లపు కాలనీల్లో ఉండేవాళ్లు గుళ్లు సగానికి తగ్గించి పుట్నాలు పెంచుకోవడం మంచిది.

ఇప్పుడు అసలు ఎక్కువమంది దెబ్బతినేది పురుగు దగ్గర. కొన్న రోజునే పుట్నాలు, అటుకులు గాలి పోని కవర్లో కట్టి నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, గుడ్లు చస్తాయి. తీసిన వెంటనే కవర్ విప్పొద్దు. చల్లటి సరుకుకి బయటి గాలి తగిలితే నీటిచుక్కలు పట్టి, వారంలో బూజు వస్తుంది. ఒక పూటంతా అలాగే వదిలేసి, చల్లదనం పూర్తిగా పోయాక విప్పి ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో నింపండి. సీసా కడిగాక రెండు రోజులు ఎండలో బోర్లించి ఆరాలి, మూత లోపలి మరలో కూడా తడి ఉండకూడదు. గరాటు పెట్టి, సీసాని నేలకి తడుతూ మెడదాకా నింపండి. లోపల గాలి ఎంత తక్కువుంటే అంత మంచిది.

పాలకి చిన్న 200 మిల్లీలీటర్ల టెట్రా ప్యాకులు తీసుకోండి, లీటరు ప్యాకు వద్దు. విప్పాక ఫ్రిజ్ లేకపోతే మిగిలింది పారబోయడమే.

తాగడానికి, అటుకులు తడపడానికి మనిషికి రోజుకి మూడు లీటర్లు. మొత్తం 36, అంటే 20 లీటర్ల క్యాన్లు రెండు. నెలల ముందు నింపి దాచొద్దు, హెచ్చరిక రాగానే తెప్పించండి. అదే రోజు మోటారు వేసి మేడమీది ట్యాంకు నింపేయండి. వాడుక నీళ్లు ఉంటాయి, పైగా ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు గాలికి ఎగిరిపోతుంది, నిండుగా ఉంటే నిలబడుతుంది. క్లోరిన్ బిళ్లలు ఒక స్ట్రిప్ ఉంచుకోండి. ఎన్ని లీటర్లకి ఒక బిళ్లో స్ట్రిప్ మీద చదవండి, అన్నీ ఒకే మోతాదు కాదు. బురద నీళ్లలో బిళ్ల సరిగా పనిచేయదు. ముందు పటిక తిప్పి, తేరాక గుడ్డలో వడకట్టి, అప్పుడు బిళ్ల వేసి అరగంట ఆగాలి. పటికతో నీళ్లు తేటగా కనిపిస్తాయి అంతే, క్రిములు అలాగే ఉంటాయి.

వెలుతురుకి పెన్సిల్ సెల్స్‌తో నడిచే ఎల్‌ఈడీ లైటు చాలు. సెల్స్ మాత్రం విడిగా పెట్టండి, లోపలే వదిలేస్తే కారి స్ప్రింగులు తినేస్తాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న చవక చార్జింగ్ లైట్లు ఏడాదంతా అల్మరాలో పెట్టి సరిగ్గా తుఫాను రోజు తీస్తే వెలగవు. పవర్ బ్యాంక్ మీద 10,000 అని చూసి 5,000 బ్యాటరీ ఫోన్ రెండుసార్లు నిండుతుందనుకోకండి. చార్జింగ్‌లో కొంత పోతుంది, ఒకటిన్నర సార్లే లెక్క.

ఓఆర్‌ఎస్ నాలుగు ప్యాకెట్లు, రోజువారీ మందులు వారానికి సరిపడా, రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు ఒక జిప్ కవర్లో పెట్టండి. గ్యాస్ బండకి రెగ్యులేటర్ తీసి, సేఫ్టీ మూత బిగించి, ఎత్తు మీద నిలబెట్టి తాడుతో కట్టండి. సరుకు మాత్రం కింద గదిలో పెట్టొద్దండి. అటక మీద, లేదా మేడ మీద. సీసాల మీద నింపిన తేదీ రాసి, మూడు నెలలకోసారి పాతది ఇంట్లో వాడేసి కొత్తది నింపుకోండి. మనం రోజూ తినేవే కాబట్టి వృథా ఏమీ ఉండదు.

సరే, బకెట్ దగ్గరికి వద్దాం. అరగంట అయింది. స్టీలు డబ్బా, ఇదిగో, అడుగున నీళ్లు నిలిచాయి, పేపర్ ముద్దయింది. ప్లాస్టిక్ డబ్బాలో పేపర్ ఒక అంచు తడిసింది, మూత చుట్టూ చుక్కలు చూడండి. ఇందులో పెడితే పైన టేపు చుట్టాల్సిందే. ఇక సీసా. పైన శుభ్రంగా తుడిచి మూత తీస్తున్నా... పేపర్ పొడిగా ఉంది, చేత్తో నలిపితే గరగరలాడుతోంది. అటుకులు వెళ్లాల్సింది ఇందులోకే.