కాలిన్ కౌంటీ: నల్లరేగడి మీద నాలుగు పలకల నేల

నమస్కారం. ఆగస్టు ఎండల్లో ఉత్తర టెక్సాస్‌కు కొత్తగా వచ్చినవారికి ఒక వింత కనిపిస్తుంది. ఇంటి గోడ వెంట, నేలకు ఆనించి, సన్నటి చిల్లులున్న నల్లటి గొట్టం పరిచి ఉంటుంది. అందులోంచి నీళ్లు చెమరుస్తూ ఉంటాయి. అవి మొక్కలకు కాదు, ఇంటి పునాదికి. ఇక్కడి మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. తేమ తగ్గితే పునాది ఒక పక్క కుంగి గోడలు బీటలు వారతాయి. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వైపు పుట్టినవారికి ఈ మట్టిని కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. మన నల్లరేగడికి స్వయానా చుట్టం ఇది. ఇళ్లు రాకముందు ఇక్కడా పత్తే పండింది.

ప్లేనో, ఆలెన్, మెకిన్నీ, ఫ్రిస్కో. మన తెలుగు కుటుంబాలు వేలల్లో స్థిరపడిన ఊర్లు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఫ్రిస్కోలో కొంత భాగం పక్కనున్న డెంటన్ కౌంటీలోకి పోతుంది కానీ, మిగతావన్నీ దాదాపుగా కాలిన్ కౌంటీవే. 2020 లెక్కల్లో ఈ కౌంటీ జనాభా 10 లక్షల 64 వేలు. మన వాళ్లను అడిగితే పిల్లల బడి ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ కిందికి వస్తుందో తడుముకోకుండా చెబుతారు. కౌంటీ గురించి అడిగితే మాత్రం జవాబు రాదు. ఈ వీడియో అందుకే.

పటంలో చూడండి, ఈ కౌంటీ దాదాపు చతురస్రం. దీని వెనుక ఒక పెద్దాయన ఉన్నాడని చెబుతారు. పేరు కాలిన్ మెకిన్నీ. 1836లో టెక్సాస్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవారిలో అందరికంటే వయసులో పెద్ద, అప్పటికే డెబ్బై ఏళ్లకు దగ్గర పడ్డాడు. ఉత్తర టెక్సాస్ కౌంటీలకు సరిహద్దులు తిన్నగా ఉండాలని, ఒక్కో పక్క 30 మైళ్లు ఉండాలని, ముఖ్యపట్టణం నడిమధ్యన ఉండాలని పట్టుబట్టింది ఆయనేనట. 1846లో కౌంటీ ఏర్పడింది. మొదటి ముఖ్యపట్టణం బక్నర్. అది కౌంటీ మధ్యబిందువుకు మూడు మైళ్ల లోపల లేదని 1848లో మెకిన్నీకి మార్చారు. కౌంటీకి ఆయన పేరు, పట్టణానికి ఆయన ఇంటిపేరు. బక్నర్ ఊరుగా మిగలలేదు. గుర్రబ్బండి మీద వచ్చే రైతుకు కోర్టు ఎంత దూరమన్నది ఒక ఊరి బతుకును తేల్చేసిన కాలం అది.

మెకిన్నీ నడిబొడ్డున ఆ పాత కోర్టు భవనం ఇప్పటికీ ఉంది. 1870లలో కట్టి, 1927లో రూపం మార్చారు. నేడు అందులో నాటకాలు, కచేరీలు జరుగుతున్నాయి. కోర్టులు, కార్యాలయాలు ఊరికి ఉత్తరాన బ్లూమ్‌డేల్ రోడ్డుకు వెళ్లిపోయాయి.

అక్కడ జరిగే కమిషనర్స్ కోర్టు సమావేశం గురించి కాస్త నెమ్మదిగా చెప్పాలి. పేరులో కోర్టు ఉన్నా అది వ్యాజ్యాలు వినే చోటు కాదు, కౌంటీని నడిపే సభ. ఒక కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు. జడ్జికి న్యాయశాస్త్ర పట్టా ఉండాలన్న నియమం కూడా లేదు. బడ్జెట్టు, జైలు, ఊర్ల బయటి రోడ్లు, కౌంటీ పన్ను రేటు, అన్నీ ఆ ఐదుగురి చేతిలో. మన జిల్లాకు పైనుంచి కలెక్టరును వేస్తారు. ఇక్కడ కౌంటీ పోలీసు అధికారి అయిన షెరీఫ్ దగ్గర నుంచి దస్తావేజులు నమోదు చేసే కౌంటీ క్లర్కు వరకు జనం ఓటేసి ఎన్నుకుంటారు.

అయితే ఈ సభకు లేని అధికారం ఒకటి ఉంది, స్థలం కొనేవారు అది తప్పకుండా తెలుసుకోవాలి. టెక్సాస్‌లో నగర హద్దులు దాటిన భూమిని ఇది ఇళ్లకు, ఇది ఫ్యాక్టరీలకు అని విభజించే హక్కు సాధారణంగా కౌంటీలకు లేదు. చవకగా వచ్చిందని ఊరి బయట రెండెకరాలు కొంటే, రేపు పక్కన కాంక్రీటు ప్లాంటు వచ్చినా కౌంటీ దాన్ని ఆ కారణంతో ఆపలేదు. కాబట్టి స్థలం నగర హద్దులో ఉందా లేదా అన్నది సంతకానికి ముందే చూసుకోండి. ఈ ఒక్క మాట కోసమైనా ఈ వీడియోను ఇల్లు వెతుకుతున్న మీ వాళ్లకు పంపండి.

ఇక పన్ను. రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు, ఇంటి మీద పన్ను బరువు మాత్రం ఎక్కువ. కానీ బిల్లు చూసి కౌంటీని తిట్టుకోకండి. ఇటీవలి సంవత్సరాల్లో కౌంటీ వాటా నూరు డాలర్ల విలువకు దాదాపు 15 సెంట్లు. బడి పన్ను దానికి ఎన్నో రెట్లు. ఇంటి విలువ కట్టేది కూడా కౌంటీ కాదు, అప్రైజల్ డిస్ట్రిక్ట్ అనే వేరే సంస్థ. వసంతంలో, ఎక్కువగా ఏప్రిల్‌లో, దాని నోటీసు వస్తుంది. విలువ ఎక్కువ వేశారనిపిస్తే మామూలుగా మే 15 లోగా అభ్యంతరం చెప్పాలి. అందుకు పౌరసత్వం అక్కరలేదు, ఇంటి యజమాని అయితే చాలు. గోడకు బీట ఉంటే ఫోటో తీసి, మరమ్మతుకు ఎంతవుతుందో రాయించి జతపరచండి. ఆ బీట మన నల్లరేగడి పెట్టినదే, ఇంటి విలువ తగ్గించే లెక్కలోకి వస్తుంది.