హై స్పీడ్ లింక్‌లో చిన్న కెపాసిటర్ పెడితే ఏమవుతుంది?

మొన్న ఒక కుర్రాడు తను చేసిన కార్డు పట్టుకొచ్చాడు. స్లాట్‌లో పెడితే కంప్యూటర్ గుర్తుపట్టడం లేదట. చూస్తే పీసీఐ ఎక్స్‌ప్రెస్ (కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్య ఉండే హై స్పీడ్ లింక్) లైన్లలో 100 పికోఫారడ్ కెపాసిటర్లు! "ఎందుకు బాబూ ఇంత చిన్నవి?" అంటే, "హై స్పీడ్ కదా సార్, చిన్నదైతేనే నయం" అన్నాడు. ఈ మాట వినీ వినీ విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నా.

డప్పు తోలు ఊహించుకోండి. ఇటు కొడితే దెబ్బ అటు వినిపిస్తుంది, గాలి మాత్రం తోలు దాటదు. కెపాసిటర్ ఆ తోలు లాంటిదే: ఆగిన గాలి డీసీ (మారకుండా నిలిచి ఉండే వోల్టేజ్), దెబ్బ మన సిగ్నల్. రెండు చిప్పుల డీసీ లెవెల్ వేరువేరుగా ఉన్నా గొడవ రాకుండా మధ్యలో ఈ తోలు పెడతాం.

సరే, వరసగా అన్నీ ఒకట్లే వచ్చాయనుకోండి. తోలును చేత్తో నొక్కి పట్టుకున్నట్టే. నొక్కిన క్షణం అటు తెలుస్తుంది, నొక్కే ఉంచితే కాసేపటికి ఏమీ తెలియదు. చిన్న కెపాసిటర్ అయితే ఆ 'కాసేపు' మరీ తక్కువ.

లెక్క చూద్దాం. పంపే చిప్ వైపు 50, అందుకునే చిప్ వైపు 50, మొత్తం 100 ఓముల రెసిస్టెన్స్. 100 పికోఫారడ్‌తో గుణిస్తే 10 నానోసెకన్లు, ఆ 'కాసేపు'కు కొలత ఇదే. మొదటి తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో బిట్టుకు 400 పికోసెకన్లు, ఒకే బిట్ వరసగా 5 సార్లకు మించి రాదు. అంటే 2 నానోసెకన్లు. అంతలోనే సిగ్నల్ 18 శాతం జారిపోతుంది! అదే వెయ్యి రెట్లు పెద్దదైన 100 నానోఫారడ్ పెడితే 0.02 శాతం. మూడో తరంలో ఆ 5 బిట్ల హామీ పోయింది, అందుకే అక్కడ 176 నుంచి 265 నానోఫారడ్ అడుగుతారు. మనవాళ్లు 220 వేస్తారు.

కానీ ఆ కుర్రాడి కార్డు ఇంతవరకు కూడా రాలేదు. నాకు భలే ఇష్టమైన సంగతి ఇదే. లింక్ మొదలవ్వకముందు చిప్ తోలును ఒకసారి నొక్కి చూస్తుంది, అవతల ఎవరైనా ఉన్నారా అని. రిసీవర్ ఉంటే కెపాసిటర్ మెల్లగా చార్జ్ అవుతుంది, లేకపోతే వోల్టేజ్ చటుక్కున పైకి లేస్తుంది. 100 పికోఫారడ్ ఎలాగూ చటుక్కున నిండుతుంది. దాంతో కార్డు, మదర్‌బోర్డే లేదనుకుని కూర్చుంది!

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. "100 నానోఫారడ్‌కు రెజొనెన్స్ ఎక్కడో పదుల మెగాహెర్ట్జ్‌లో ఉంది, గిగాహెర్ట్జ్‌లో ఎలా పనిచేస్తుంది?" అని కామెంట్ పెట్టకండి. రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ దాటాక అది కెపాసిటర్‌లా కాక కొద్దిపాటి ఇండక్టెన్స్‌లా (చిన్న తీగచుట్టలా) ఉంటుంది, అంతే. లైన్ తెగిపోదు. అసలు తంటా ప్యాడ్‌తో, అంటే కెపాసిటర్‌ను సోల్డర్ చేసే రాగి ముక్కతో. ట్రేస్ (బోర్డు మీది రాగి గీత) కంటే వెడల్పు కాబట్టి అక్కడ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) పడిపోతుంది. 0402 గానీ 0201 గానీ చిన్న సైజు కెపాసిటర్లు వాడండి, లైన్ల జతలోని రెండు కెపాసిటర్లనూ పక్కపక్కనే పెట్టండి, ప్యాడ్ల కింద గ్రౌండ్ కాపర్‌ను కాస్త కత్తిరించండి. ఎంత కత్తిరించాలన్నది మీ బోర్డు లేయర్లను బట్టి ఉంటుంది, సిమ్యులేషన్‌లో చూసుకోండి. ఆ కుర్రాడు 220 నానోఫారడ్‌వి పెట్టి మళ్లీ స్లాట్‌లో గుచ్చాడు, కార్డు కనిపించింది.