కారిబూ దాటేదాకా లారీ ఆగాలి

అందరికీ నమస్కారం. గిరిజనులకీ గనుల కంపెనీకీ మధ్య భాగస్వామ్యం కుదురుతుందా అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. కుదురుతుందనీ కుదరదనీ వాదించేవాళ్లు ఇద్దరూ ఒక గని పేరు తప్పకుండా ఎత్తుతారు. అలాస్కాలోని రెడ్ డాగ్ గని. ఇద్దరికీ అందులో సరుకు దొరుకుతుంది మరి. ఈ పూట ఆ ఒక్క గని గురించే చెబుతాను. చివర్లో మన ఏజెన్సీకి కాసేపు వచ్చి, మళ్లీ అక్కడికే వెళ్దాం.

ఆర్కిటిక్ వలయానికి ఇంకా పైన, అలాస్కా వాయవ్య మూలన, కాట్జిబ్యూ అనే చిన్న పట్నానికి ఉత్తరంగా దాదాపు 90 మైళ్ల దూరంలో ఉంటుందీ గని. ఆ ప్రాంతం ఇనూపియాట్ ప్రజలది. వేటే వాళ్ల వంటిల్లు: కారిబూ అనే పెద్ద దుప్పి, సముద్రంలో సీల్, బెలూగా తిమింగలం, ఏట్లో చేప. 1960ల చివర్లో బాబ్ బేకర్ అనే పైలట్ చిన్న విమానంలో ఆ కొండల మీద తిరుగుతూ, ఒక వాగు అడుగున రాళ్లు తుప్పు పట్టినట్టు ఎర్రగా ఉండటం చూశాడు. ఆయన చెబితే ప్రభుత్వ భూగర్భ శాస్త్రవేత్త ఒకాయన వెళ్లి పరీక్షించి, ఆ వాగుకు బేకర్ కుక్క మీదుగా రెడ్ డాగ్ అని పేరు పెట్టాడు. ఆ ఎరుపు కింద ఉన్నది ప్రపంచంలోనే పెద్ద జింకు నిక్షేపాల్లో ఒకటి.

ఇక్కడ ఒక తేదీ గుర్తుపెట్టుకోవాలి: 1971. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా ప్రభుత్వం అలాస్కా ఆదివాసులతో భూమి తగవు తేల్చుకుంటూ ఒక చట్టం చేసింది. దానికి అయిదేళ్ల ముందే కాట్జిబ్యూ కుర్రాడు విలీ హెన్స్‌లీ యూనివర్సిటీలో చదువుకుంటూ, ఈ భూమి మీద మా హక్కు ఏమిటని ఒక పేపర్ రాశాడు. తర్వాత ఆ ఉద్యమంలో ముందు వరసలో నిలిచాడు. చట్టంతో వాళ్లకు దక్కింది 4.4 కోట్ల ఎకరాలు, 96.25 కోట్ల డాలర్లు. కానీ తెగలకు నేరుగా ఇవ్వలేదు. 12 ప్రాంతీయ కార్పొరేషన్లు పెట్టించి, మనిషికి 100 షేర్ల లెక్కన రాశారు. వేటగాడు రాత్రికి రాత్రి వాటాదారుడయ్యాడు! చట్టం వచ్చిన మర్నాడు పుట్టిన బిడ్డకు మాత్రం వాటా లేదు. వాయవ్య ప్రాంతపు కార్పొరేషన్ పేరు నానా. వాళ్లు తర్వాత తమ వాటాదారుల చేత ఓటు వేయించి, వెనక పుట్టినవాళ్లకూ షేర్లు ఇచ్చారు. తెగను కంపెనీగా మార్చడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయితే ఆ చట్టంలో ఒక సంగతి ఉంది, నేను చెప్పబోయేదంతా దాని మీదే నిలబడుతుంది. నేల పైభాగానికే కాదు, నేల కింద ఉన్నదానికి కూడా పట్టా వాళ్ల పేరనే ఉంది.

రెడ్ డాగ్ దగ్గర భూమి కోసం కొన్నాళ్లు పేచీ నడిచింది. కెనడా కంపెనీ కొమింకో అక్కడ తవ్వే హక్కు కోసం క్లెయిములు వేసుకుంది. ఇప్పుడు మనం టెక్ అని పిలుస్తున్నది ఆ కంపెనీనే. అదే నేల నానా కూడా మాదేనంది. 1980లో వచ్చిన మరో చట్టంతో నానాకు దక్కింది. కంపెనీ అప్పుడు వాళ్ల గుమ్మంలోకి వచ్చి నిలబడక తప్పలేదు. నానా పెద్దలు మొదట్లో గని ఊసే వద్దన్నారు. వేట దెబ్బతింటుందన్న భయం. ఏళ్ల తరబడి ఊళ్లలో మాట్లాడుకున్నాక 1982లో సంతకం పెట్టారు. 1989లో గని మొదలైంది.

బేరం ఎలా కుదిరిందో మన పొలాల భాషలో చెబుతాను. భూమి కౌలుకి ఇస్తే పంట పండినా ఎండినా కౌలు వస్తుంది. పాలికి ఇస్తే పంటలో వాటా వస్తుంది, కానీ ఖర్చులు పోనుపోను మిగిలిందాంట్లోనే. నానా రెండూ అడిగింది, ఒకదాని తర్వాత ఒకటి. మొదటి దశలో కౌలు లాంటిది: స్మెల్టరుకు, అంటే ఖనిజం కరిగించి లోహం తీసే ఫ్యాక్టరీకి, అమ్మిన ఖనిజం మీద వచ్చే డబ్బులో 4.5 శాతం, లాభం ఉన్నా లేకున్నా. కంపెనీ పెట్టుబడి వడ్డీతో సహా తీరిపోయాక పాలు మొదలవుతుంది: నికర ఆదాయంలో 25 శాతం, ప్రతి అయిదేళ్లకూ మరో 5 శాతం చొప్పున పెరుగుతూ 50కి, అంటే సగపాలుకి చేరాలి. పెట్టుబడి తీరడానికి 2007 దాకా పట్టింది. పద్దెనిమిదేళ్లు! ఇంత ఓపిక ఉన్న భూస్వామిని మీరెక్కడైనా చూశారా? వాళ్లు ఆగగలిగారంటే కారణం, తమ తర్వాతి తరం కూడా అక్కడే ఉంటుందని వాళ్లకు తెలుసు. షేర్లు బయటివాళ్లకు అమ్ముకోవడానికి వీల్లేదు కూడా.

డబ్బు వచ్చాక ఇంకో మెలిక. 1971 చట్టం ప్రకారం ఏ కార్పొరేషన్ భూమిలో ఖనిజం దొరికినా, ఆ రాబడిలో 70 శాతం పన్నెండు కార్పొరేషన్లూ జనాభా లెక్కన పంచుకోవాలి. కాబట్టి రెడ్ డాగ్ జింకు డబ్బు, వందల మైళ్ల అవతల గని మొహం చూడని పల్లెలకు కూడా చేరుతోంది. ఈ నిబంధన అర్థం చేసుకోవడానికే కార్పొరేషన్లు పదేళ్ల పాటు కోర్టుల్లో కొట్టుకున్నాయి, అది వేరే కథ.

నాకు ఈ ఒప్పందంలో డబ్బు కన్నా నచ్చేది రోడ్డు. గని నుంచి చుక్చీ సముద్రం ఒడ్డున ఉన్న పోర్టు దాకా 52 మైళ్ల గ్రావెల్ రోడ్డు. ఖనిజం పొడిని మోసే భారీ లారీలు పగలూ రాత్రీ తిరుగుతాయి. శరత్తులో కారిబూ మందలు ఆ రోడ్డు దాటి దక్షిణానికి పోతాయి. నోఆటక్, కివలీనా అనే రెండు ఊళ్ల పెద్దలు, వేటగాళ్లతో ఒక కమిటీ ఉంది. మంద దగ్గరికొస్తే లారీలు ఆగాలి. ముందు నడిచేవి బెదిరి వెనక్కి తిరిగితే వెనకున్నవన్నీ దారి మారుస్తాయని వేటగాళ్ల మాట. అందుకే ముందరి జంతువులను కదిలించకూడదు. ఊహించుకోండి: వంద టన్నుల పైచిలుకు బరువున్న బండి ఇంజన్ దడదడలాడుతూ నిలబడి ఉంది, డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు, ఎదురుగా ఒక ఆడ కారిబూ రోడ్డు అంచున మోర ఎత్తి వాసన పడుతోంది. అది అడుగు వేసేదాకా జింకు కదలదు. ఓడల సంగతీ అంతే. మంచు కరిగి సముద్రం తెరుచుకునేది ఏడాదికి వంద రోజులు. అంత తక్కువ రోజుల్లో కూడా కివలీనా వాళ్ల బెలూగా వేట ముగిసేదాకా ఓడలు రేవు దగ్గరికి రాకూడదు.

ఇదంతా విని మీకు ముచ్చటేసి ఉంటుంది. ఇప్పుడు వాగు వెంట కిందికి దిగుదాం.

రెడ్ డాగ్ వాగు ఇకలుక్రోక్ వాగులో, అది వూలిక్ నదిలో కలుస్తుంది. ఆ నది సముద్రంలో కలిసే చోట సన్నని ఇసుక తిన్నె మీద కివలీనా ఉంది. నాలుగు వందల మంది ఊరు. తాగే నీళ్లు వూలిక్‌వే, తినే చేప వూలిక్‌దే. గని నీటిని శుద్ధి చేసి వదిలేది ఆ వాగులోకే. నిజం చెప్పాలంటే, గని రాకముందే ఆ వాగులో సీసం, జింకు సహజంగానే కరిగి ఉండేవి. ఎర్ర మరకలు వాటితో పాటు ఉన్న ఇనుము తుప్పువి. గని వచ్చాక కొంత మేర నీళ్లు మెరుగయ్యాయని కంపెనీ అంటుంది. చేప రుచి మారిందని ఊళ్లో అంటారు. ల్యాబ్ రిపోర్టులో రుచి అనే గడి ఉండదు కదా. పర్మిట్ హద్దులు దాటి వదిలారని 2004లో కివలీనా వాళ్లు కొందరు కోర్టుకెళ్లారు. హద్దులు మీరిన మాట నిజమేనని కోర్టు వందల సార్ల లెక్కన తేల్చింది. 2008లో రాజీ కుదిరింది: గని నీటిని నదిలో కలపకుండా పైపు లైనుతో నేరుగా సముద్రానికి పంపే ప్రతిపాదన అందులో ఉంది. ఆ పైపు లైను రాలేదు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. కేసు వేసిన ఊరివాళ్లు నానాలో వాటాదారులు కూడా. డివిడెండు చెక్కు, కోర్టు కాగితం ఒకే ఇంటికి వస్తాయి. గని మూతపడితే నష్టం వాళ్లదే, నీళ్లు పాడైతే తాగేదీ వాళ్లే. కాట్జిబ్యూలో కూర్చున్న వాటాదారుడికీ, ఏటి చివర కూర్చున్న వాటాదారుడికీ చేతిలో షేర్లు సమానమే, గ్లాసులో నీళ్లు వేరు. భాగస్వామ్యం కంపెనీకీ జాతికీ మధ్య అని మనం సులువుగా అనేస్తాం. ఆ జాతి లోపల ఎవరు ఎగువ, ఎవరు దిగువ అన్నది సంతకం చేసే గదిలో తేలదు.

దుమ్ము కథా ఇలాంటిదే. మొదటి ఏళ్లలో లారీల మీద టార్పాలిన్లు కప్పేవారు. రోడ్డు ఒక జాతీయ రక్షిత ప్రాంతం గుండా పోతుంది. 2001లో అక్కడి నాచును పరీక్షిస్తే రోడ్డు పక్కన సీసం విపరీతంగా ఉన్నట్టు బయటపడింది. ఆ తర్వాతే గట్టి స్టీలు మూతలు వచ్చాయి. పన్నెండేళ్లు పట్టింది మూతకి.

ఉద్యోగాల మాట క్లుప్తంగా. పన్నెండేళ్లలో అందరూ వాటాదారులే పనిచేసే స్థితికి తేవాలని లక్ష్యం పెట్టుకున్నారు. సగానికి కాస్త అటూ ఇటూ దగ్గర ఆగింది. అది కూడా చిన్న విషయం కాదు. వారాల తరబడి గనిలో ఉండి, విమానంలో ఇంటికి రావాలి. జీతం చేతికొచ్చాక కొన్ని కుటుంబాలు ఊరు వదిలి యాంకరేజ్ నగరానికి వెళ్లిపోయాయి. అక్కడ పెట్రోలు చవక, స్కూలు మంచిది. ఊరి కోసం తెచ్చిన ఉద్యోగం ఊరిని కొంత ఖాళీ చేసింది. మన పల్లెల నుంచి వచ్చినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మన ఏజెన్సీ. బొర్రా గుహలున్న అనంతగిరి మండలంలో కాల్సైటు లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997 జులైలో తీర్పు ఇచ్చింది. గిరిజన ప్రాంతపు భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం కింద షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతరుడే, ప్రభుత్వం తన భూమిని కూడా అలాంటివాళ్లకు లీజుకు ఇవ్వకూడదంది. ప్రభుత్వ సంస్థో, గిరిజనుల సహకార సంఘాలో చేసుకోవచ్చంది. నికర లాభంలో కనీసం 20 శాతం స్థానికుల కోసం శాశ్వత నిధిగా పెట్టాలంది. చదివితే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. అందులో వేసేది లాభంలో వాటా కాదు, తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రాయల్టీకి అదనంగా, దానిమీద లెక్కకట్టిన 10 లేదా 30 శాతం. ఆ నిధి సంగతి చూసేది జిల్లా స్థాయి అధికారులు. కౌలూ కాదు, పాలూ కాదు. పక్కవాడి పంట అమ్మి, అందులో కొంత ఊరి గుడికి రాసినట్టు.

చాలా ఏళ్ల కిందట ఒక ఏజెన్సీ పల్లెలో గ్రామసభకు వెళ్లాను. ఏ గని, ఏ కంపెనీ అన్నది ఇప్పుడు అనవసరం. తీర్మానం ముందే టైపు చేసి తెచ్చారు. తేదీ దగ్గర, హాజరైనవాళ్ల సంఖ్య దగ్గర మాత్రం చుక్కలు పెట్టి వదిలారు. ఒక ముసలమ్మ వేలిముద్ర వేసే ముందు, "దీంట్లో వద్దు అని రాసే చోటు ఎక్కడుంది బాబూ?" అని అడిగింది. ఇంకు ప్యాడ్ పట్టుకున్న కుర్రాడు నవ్వేశాడు. ఆ కాగితంలో నిజంగానే ఆ చోటు లేదు. నానా వాళ్లకు ఆ చోటు ఉంది. వాళ్లు మొదట దాన్నే వాడుకున్నారు. 4.5 శాతం, సగపాలు, ఆగే లారీ, అన్నీ ఆ తర్వాత వచ్చినవే.

అయితే పట్టా ఉన్నవాడి ధీమా కూడా ఖనిజం ఉన్నన్నాళ్లే. రెడ్ డాగ్‌లో ఇప్పుడు తవ్వుతున్న నిక్షేపం 2031 ప్రాంతంలో అయిపోతుందని అంచనా. గని మూతపడినా నీటి శుద్ధి మాత్రం కలకాలం నడుస్తూనే ఉండాలి. ఆ రాళ్లకు గాలీ నీరూ తగిలినంత కాలం లోహం ఊరుతూనే ఉంటుంది. ఇక కంపెనీ కన్ను పక్కనున్న అక్టిగిరుక్, అనరాక్ నిక్షేపాల మీద పడింది. చిక్కేమిటంటే అవి ఉన్నది నానా నేలలో కాదు, అలాస్కా రాష్ట్ర ప్రభుత్వ భూమిలో. సగపాలు లెక్క అక్కడ దానంతటదే వర్తించదు. కానీ అక్కడ తవ్విన రాయిని ఇప్పుడున్న మిల్లులో ఆడించాలంటే, ఆ మిల్లు ఉన్న నేల నానాదే. తర్వాతి బేరం అక్కడి నుంచి మొదలు కావాల్సిందే. ఆ గదిలో కివలీనాకు కుర్చీ వేస్తారా లేదా అన్నది నేను చూడాలనుకుంటున్నాను.

ప్రశ్నలుంటే అడగండి. మైకు వెనక వరసకు కూడా ఇవ్వండి, అక్కడ ఎవరో ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు.