అక్కడేముంది, ఖాళీ నేలే కదా అనే వారికి: ప్యాటన్ ఎడారి శిబిరం, మన దొనకొండ

నమస్కారం. దొనకొండ విమానాశ్రయం పేరెత్తితే చాలు, ఒంగోలు నుంచి కనిగిరి దాకా ఎవరిని కదిపినా ఒకటే మాట: "అక్కడేముందండీ, ఖాళీ నేల!" రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విమానాశ్రయం అది. సుమారు 136 ఎకరాలు. మళ్లీ విమానాలు దిగుతాయా లేదా అన్నదొక్కటే మనకు పట్టింది. దిగితే సంతోషమే. కానీ గోడలు, గోపురాలు లేకపోతే అక్కడ చరిత్రే లేదని తేల్చేసేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంట ఎందుకో చెప్పాలంటే మిమ్మల్ని దక్షిణ కాలిఫోర్నియా ఎడారికి తీసుకెళ్లాలి.

[తెరపై: ఎడారి, పైనుంచి తీసిన చిత్రం]

1942 వసంతం. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా సైన్యంలో జార్జ్ ప్యాటన్ అనే జనరల్ ఎడారిలో శిబిరాలు వేయిస్తున్నాడు. ఉత్తర ఆఫ్రికాలో జర్మన్ సేనాని రోమెల్ ట్యాంకులతో బ్రిటిష్ వారిని తరుముతున్నాడు. రేపో మాపో అమెరికన్లు కూడా అక్కడికి వెళ్లక తప్పదు. ఎడారిలో యుద్ధం చేయడం వారికి బొత్తిగా తెలియదు. అందుకని ఇంటి దగ్గరే ఎడారి వెతుక్కున్నారు. రైలు మార్గం ఉంది, కొలరాడో నది నీటిని తీసుకెళ్లే కాలువ ఉంది, మనుషులు దాదాపు లేరు. ఇంకేం కావాలి?

కాలిఫోర్నియా, అరిజోనా రాష్ట్రాల్లో పరుచుకున్న ఆ శిక్షణ ప్రాంతం సుమారు 18,000 చదరపు మైళ్లు. అర్థమయ్యేలా చెప్పాలంటే, జిల్లాల విభజనకు ముందున్న ప్రకాశం, నెల్లూరు జిల్లాలు రెండూ కలిపినా అందులో మూడింట రెండు వంతులే. శిబిరాలు పదికి పైగా. అక్కడ శిక్షణ పొందినవారు దాదాపు పది లక్షల మంది. ప్యాటన్ మాత్రం కొన్ని నెలలే ఉన్నాడు. నవంబరులో ఆయన మొరాకో తీరంలో దిగాడు. 1943 మేలో ఆఫ్రికా పోరు ముగిసినా శిబిరాలు నడిచాయి. 1944లో మూసేశారు. గుడారాలు విప్పారు, సామాను ఎత్తారు, వెళ్లిపోయారు.

ఇక్కడే అందరూ పొరబడేది. "గుడారాలు విప్పేశాక ఇంకేం మిగులుతుంది?" అంటారు.

పెళ్లి జరిగిన ఇంటి ముందుకు మర్నాడు ఉదయం ఎప్పుడైనా వెళ్లారా? పందిరి విప్పేశారు. గుంజలు, షామియానా, కుర్చీలు అన్నీ బండెక్కాయి. ఖాళీ నేల. కానీ ఒకసారి వంగి చూడండి. గుంజలు పాతిన గుంతలు వరసగా ఉంటాయి. గాడిపొయ్యి తవ్విన చోట నల్లగా కాలిన మట్టి, బూడిద. చేతులు కడుక్కున్న చోట ఇంకా ఆరని బురద. విస్తళ్లు పారేసిన మూల కుక్కలు. మా పెద్దమ్మలాంటి మనిషిని అక్కడ నిలబెడితే ఎన్ని బంతులు లేచాయో, వంట ఎవరికి చాలలేదో, మగపెళ్లివారు ఎటు వైపు కూర్చున్నారో మొత్తం చెప్పేస్తుంది. ఆమెకు పందిరితో పని లేదు.

ఎడారి శిబిరాల్లో అన్నిటికంటే బాగా మిగిలింది ఐరన్ మౌంటెన్ అనే శిబిరం. అక్కడ ఒక్క భవనం లేదు. అయినా నడిచేవారికి అన్నీ కనిపిస్తాయి. దారులకు రెండు పక్కలా సైనికులు ఏరి పేర్చిన రాళ్లు ఇప్పటికీ వరస తప్పలేదు. అవి మన గుంజల గుంతలు. ఆ వరసలను బట్టి గుడారాలు ఎటు నుంచి ఎటు సాగాయో, ఏ దళం ఎక్కడ దిగిందో గీత గీసి చూపవచ్చు.

రాళ్లు పేర్చి కట్టిన ప్రార్థనా వేదికలు రెండున్నాయి. పెళ్లి అరుగు అనుకోండి. ఇంకా విచిత్రమైనది, నేల మీద మట్టినే కొండలుగా, లోయలుగా మలిచి చేసిన పెద్ద పటం. చుట్టుపక్కల భూమి ఎలా ఉందో, ట్యాంకులు ఎటు వెళ్లాలో దాని చుట్టూ నిలబడి చూసుకునేవారు. పెళ్లిలో దీనికి సాటి వచ్చేది... ఏ పెద్దాయనో పుల్లతో నేల మీద గీసి చూపిస్తాడే, ఊరేగింపు ఎటు పోవాలో, అది!

వీటన్నిటికంటే నాకు నచ్చినవి దళాల చిహ్నాలు. గుడారాల ముందు రాళ్లతో నేల మీద తీర్చారు. పందిరి ముందు ముగ్గు అన్నమాట. దాని వల్ల యుద్ధానికి కాసు ఉపయోగం లేదు. కుర్రాళ్లు మండుటెండలో కవాతు చేసి వచ్చి, మళ్లీ రాళ్లు ఏరుకుని, "ఇది మా దళం" అని రాసుకున్నారు. సైనిక చరిత్ర అంటే జనరళ్ల కథే అనుకునేవారు ఆ రాళ్ల దగ్గర కాసేపు నిలబడాలి.

ట్యాంకుల జాడలు కూడా చెరిగిపోలేదు. ఎడారి నేల పైన చిన్న చిన్న గులకరాళ్లు పలకలా పరుచుకుని ఉంటాయి. వేల ఏళ్ల గాలికీ ఎండకూ వాటి పైభాగం నల్లబడి ఉంటుంది. ముప్పై టన్నుల దాకా బరువుండే ట్యాంకు దాని మీదుగా వెళితే ఆ పలక చెదిరి, కింది లేత రంగు మట్టి బయటపడుతుంది. అడుగున మట్టి దిమ్మిస కొట్టినట్టు బిగుసుకుపోతుంది. 1980లలో పరిశోధకులు వెళ్లి కొలిస్తే, నలభై ఏళ్లు గడిచినా ఆ నేల ఇంకా గట్టిగానే ఉంది.

మన దగ్గర పందిరి గుంతలు మొదటి వానకే పూడిపోతాయి. అందులోనూ మనది తుఫానుల తీరం. దానికి తోడు సర్కారు తుమ్మ! ఒక్క ఏడాది వదిలేస్తే చాలు, రన్‌వే ఏది, పొలం ఏది తెలియదు. ఎడారిలో వదిలేసినా నిలుస్తుంది, ఇక్కడ వదిలేస్తే నిలవదు. కాబట్టి తొందర మనకే ఎక్కువ.

ఇక రెండో జబ్బు. "సరే, వారసత్వమే అనుకుందాం. రాళ్లకు సున్నం కొట్టి, పార్కు చేసి, సిమెంటు ట్యాంకు బొమ్మ ఒకటి పెడదాం." దయచేసి వద్దు! ఆ గుంతలను పూడ్చి, పైన సిమెంటు పందిరి కడితే పెద్దమ్మ కూడా ఏమీ చెప్పలేదు. ఐరన్ మౌంటెన్‌లో అమెరికా భూ నిర్వహణ శాఖ చేసిన ముఖ్యమైన పని, ముఖ్య భాగాల చుట్టూ కంచె వేయడం. వాహనాలు లోపలికి రాకూడదు. అంతే. ట్యాంకులు చూడాలనుకునేవారికి చిరియాకో సమ్మిట్ దగ్గర, హైవే పక్కనే, 1988 నుంచి ప్యాటన్ పేరిట మ్యూజియం ఉంది. బొమ్మలకు చోటు అది. శిబిరంలో మాత్రం రాయి కదలకూడదు.

సమయం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను.

చట్టం. మన 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం వందేళ్లు నిండితేనే రక్షణ. యుద్ధ కాలపు విమానాశ్రయానికి అది 2040లలో గానీ దక్కదు. అమెరికా జాతీయ జాబితాకు సాధారణంగా యాభై ఏళ్లు చాలు. బ్రిటన్ వైపు చూస్తే, వేల్స్‌లోని పెనాలీ దగ్గర మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు సాధన కోసం తవ్విన కందకాలకే చట్ట రక్షణ ఉంది. ఉత్త కందకాలు!

దొనకొండ శిక్షణ శిబిరం కాదు, విమానాలు దిగే చోటు. తేడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ చేయాల్సిన పని ఒకటే. రేపు అక్కడ కొత్త రన్‌వే వేసినా సరే, జేసీబీ దిగే ముందు ఉన్నది ఉన్నట్టు కొలిచి పటం గీయాలి. పొద్దున్నే గానీ, పొద్దు వాలాక గానీ పైనుంచి ఫోటోలు తీయాలి. ఎండ ఏటవాలుగా పడితేనే నేల మీది ఎత్తుపల్లాలకు నీడ వస్తుంది. మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటో దండగ.

అన్నిటికంటే ముందు మనుషులు. దొనకొండ, దర్శి, కురిచేడు వైపు మీకు చుట్టాలుంటే ఇంట్లో పెద్దవారిని అడగండి. రాయి ఏ కొండ నుంచి వచ్చింది, కూలి ఎంత ఇచ్చారు, ఎవరి పొలం పోయింది. వాళ్ల నాన్న చెప్పగా విన్నదైనా పరవాలేదు, ఫోనులో రికార్డు చేసి, చెప్పినవారి వయసు, ఊరు కూడా రాసి పెట్టండి.