మేరీ రాబిన్సన్: అధికారం లేని కుర్చీలో ఏడేళ్లు

నమస్తే అండీ. ఈసారి రివ్యూకి సినిమా లేదు, ఫోనూ లేదు. ఒక మనిషి కెరీర్ తీసుకున్నాను. ఐర్లండ్ తొలి మహిళా అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఆవిడ చేసిన అసలు పని చాలావరకు అధ్యక్ష పదవికి ముందే, కోర్టుల్లో జరిగిపోయింది.

1944లో మేయో కౌంటీలోని బాలినాలో పుట్టారు. అమ్మానాన్నలిద్దరూ డాక్టర్లు. నలుగురు అన్నదమ్ముల మధ్య ఒక్కతే ఆడపిల్ల. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీలో లా చదివారు. అప్పట్లో కేథలిక్కులు అక్కడ చేరాలంటే ఆర్చిబిషప్ అనుమతి కావాలి! తర్వాత హార్వర్డ్. 25 ఏళ్లకే ట్రినిటీలో ప్రొఫెసర్, అదే 1969లో సెనేటర్. మరుసటి ఏడాది ప్రొటెస్టెంట్ అబ్బాయిని చేసుకుంటే అమ్మానాన్నలు పెళ్లికే రాలేదు. ఈ కథ మనకేం కొత్త కాదులెండి.

అప్పటి ఐర్లండ్ ఎలా ఉండేదో తెలిస్తేనే ఈవిడ విలువ తెలుస్తుంది. గర్భనిరోధక సాధనాలు అమ్మడం 1935 నుంచి నేరం. ప్రభుత్వోద్యోగం చేసే అమ్మాయికి పెళ్లయితే ఉద్యోగం వదిలేయాలి, 1973 దాకా అదే రూలు. జ్యూరీ (కోర్టులో కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం) జాబితాలో ఆడవాళ్ల పేర్లు ఉండవు, కావాలంటే వాళ్లే అడిగి పెట్టించుకోవాలి. 1971లో గర్భనిరోధకాల నిషేధం ఎత్తేయాలని ఈవిడ బిల్లు పెడితే సెనేట్ చర్చకే తీసుకోలేదు. ఇంటికి మాత్రం తిట్ల ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి.

సభలో పని కాకపోతే కోర్టుకు వెళ్లారు. జ్యూరీ కేసు వాదించిన లాయర్లలో ఈవిడ ఒకరు, 1975లో సుప్రీంకోర్టు ఆ రూలు కొట్టేసింది. నాకు బాగా నచ్చింది ఎయిరీ కేసు. కార్క్‌కు చెందిన ఒకావిడ, భర్త నుంచి చట్టపరంగా విడిపోవాలి. కేసేమో హైకోర్టులోనే వేయాలి, లాయరుకు ఇవ్వడానికి డబ్బు లేదు. మేరీ ఆ కేసును స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా తీసుకెళ్లి 1979లో గెలిపించారు. కోర్టు తలుపు తెరిచే ఉంది, లోపలికి వెళ్లే స్తోమతే లేదు, అలాంటప్పుడు హక్కు ఉన్నట్టా లేనట్టా? ఇదీ వాదన. ఐర్లండ్‌లో సివిల్ కేసులకు ఉచిత న్యాయసహాయం ఆ తర్వాతే మొదలైంది. స్వలింగ సంబంధాలను నేరంగా చూసే చట్టం మీద అదే కోర్టులో 1988లో గెలిచారు. 1993లో ఆ నేరాన్ని తీసేసిన చట్టం మీద అధ్యక్షురాలిగా సంతకం పెట్టిందీ ఈవిడే. సినిమాలో పెడితే అతి అంటాం.

ఇక 1990 ఎన్నిక. లేబర్ పార్టీ ప్రతిపాదించింది, కానీ స్వతంత్ర అభ్యర్థి. ఎదురుగా ఫియన్నా ఫాయిల్ అనే పెద్ద పార్టీ నాయకుడు లెనిహన్. అధ్యక్ష ఎన్నికల్లో ఆ పార్టీకి అప్పటిదాకా ఓటమే లేదు. పాత ఫోన్ కాల్ వివాదంలో ఆయన మంత్రి పదవి పోయింది, అయినా మొదటి లెక్కింపులో 44 శాతంతో ముందున్నారు. ఈవిడకు 39. మూడో అభ్యర్థి ఓటర్ల రెండో ప్రాధాన్యాలు కలిశాక ఈవిడ దాదాపు 52కి చేరారు. మనవాళ్లకు 1969 గుర్తొచ్చే ఉంటుంది. వి.వి.గిరి కూడా స్వతంత్రుడే, నీలం సంజీవరెడ్డి మీద రెండో ప్రాధాన్య ఓట్లతోనే గట్టెక్కారు. కాకపోతే గిరి మొదటి నుంచీ ముందున్నారు, ఈవిడ వెనకపడి గెలిచారు. అన్నట్టు, గిరి లా చదివింది డబ్లిన్‌లోనే!

ఐర్లండ్‌లో అధ్యక్ష పదవి కూడా మన రాష్ట్రపతిలాగే పేరుకు పెద్దది. దేశం దాటాలన్నా ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఈవిడ ఎక్కడికి వెళ్తున్నాను, ఎవరిని కలుస్తున్నాను అన్నదాన్నే ఆయుధం చేసుకున్నారు. 1992లో కరువులో ఉన్న సోమాలియాకు వెళ్లి, నైరోబీ ప్రెస్‌మీట్‌లో కన్నీళ్లు ఆపుకోలేకపోయారు. 1993 మే నెలలో లండన్‌లో ఎలిజబెత్ రాణితో టీ, జూన్‌లో బ్రిటన్ పాలనలోని ఉత్తర ఐర్లండ్ నగరం బెల్‌ఫాస్ట్‌లో, ఐఆర్ఏ అనే సాయుధ సంస్థతో ముడిపడిన సిన్ ఫెయిన్ పార్టీ నాయకుడు గెర్రీ ఆడమ్స్‌తో కరచాలనం. ఆయన గొంతు టీవీలో వినిపించడమే నిషేధం ఆ రోజుల్లో. ఐర్లండ్, బ్రిటన్ రెండు ప్రభుత్వాలకూ టెన్షన్ పెట్టారు.

మైనస్‌లు లేవా అంటే ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల హైకమిషనర్ పదవి కోసం 1997 సెప్టెంబరులో, గడువుకు ముందే రాజీనామా చేశారు. జనం ఏడేళ్లకని ఓటేశారు కదా! అది పొరపాటని ఆవిడే తర్వాత ఒప్పుకున్నారు. ఇంకోటి పెద్దది. 2018లో దుబాయ్ యువరాణి లతీఫా తనను బంధించారని చెబుతుంటే, ఈవిడ అక్కడికి భోజనానికి వెళ్లి ఫోటోలు దిగి, ఆ అమ్మాయి మానసికంగా ఇబ్బందిలో ఉందన్నట్టు మాట్లాడారు. తనను మోసగించారని 2021లో మేరీ చెప్పారు. జీవితమంతా సాక్ష్యాలు పరీక్షించిన లాయరు అంత తేలిగ్గా నమ్మడం నాకు మింగుడుపడదు.

రేటింగ్ అడుగుతారు కాబట్టి: లాయరుగా 5కి 5, అధ్యక్షురాలిగా 4, ఆ తర్వాతి ప్రయాణానికి 3. ఒప్పుకోకపోతే కామెంట్లో వాదించండి. ఈవిడ తర్వాత గెలిచింది కూడా మహిళే, మేరీ మెకాలీస్. బెల్‌ఫాస్ట్‌లో పుట్టి, 2011లో ఎలిజబెత్ రాణికి డబ్లిన్‌లో ఆతిథ్యమిచ్చిన మనిషి. వచ్చే వీడియో ఆవిడ మీదే. ఉంటానండీ.