గురువు లేకుండా ధ్యానం: ఎంత దూరం ఒంటరిగా వెళ్ళొచ్చు?

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం, ఈ ట్రాఫిక్‌లో పడి, కూకట్‌పల్లి నుంచీ ఎల్బీనగర్ నుంచీ చిక్కడపల్లి దాకా వచ్చారంటే ఈ సంగతి మీకు నిజంగా కావాలనే వచ్చుంటారు, అందుకని చుట్టూ తిప్పకుండా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోజూ పది పదిహేను నిమిషాలు కూర్చుని శ్వాసని గమనించుకోవడానికి గురువు అక్కర్లేదు. ఈరోజు రాత్రే మొదలుపెట్టొచ్చు. కానీ గంటలకు గంటలు కూర్చోవాలన్నా, ఊపిరి బిగబట్టే ప్రాణాయామాలు చేయాలన్నా, కుండలిని లాంటివాటి (వెన్నులో నిద్రపోతోందని చెప్పే శక్తిని లేపే సాధనల) జోలికి పోవాలన్నా మాత్రం ఒంటరిగా వెళ్ళకండి. మీతో ఉండే మనిషి ఆ దారిలో నడిచినవాడై ఉండాలి, పైగా మిమ్మల్ని ఎరిగినవాడై ఉండాలి. ఈ రెండోది మనం మర్చిపోతున్నాం. ఈ సాయంత్రం నేను ఎక్కువసేపు మాట్లాడబోయేది దాని గురించే.

నేను డాక్టర్ని కాదు, స్వామీజీని కాదు. చాలా ఏళ్ళుగా కూర్చుంటున్నాను, ఇంకొంతమంది కూర్చోవడం దగ్గర్నుంచి చూశాను. అంతే నా అర్హత.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి ఈ తేడా ఎప్పుడో తెలుసు. మా అమ్మమ్మ రామకోటి రాసేది. మధ్యాహ్నం పనంతా అయ్యాక, వంటింటి గడప దగ్గర కూర్చుని, పుస్తకం నిండా శ్రీరామ శ్రీరామ అని రాసుకుంటూ పోయేది, ఆ గంటసేపు ఎవరు పిలిచినా పలికేది కాదు. దానికి ఆమెకి ఎవరూ ఉపదేశం ఇవ్వలేదు, ఎవరినీ అడగలేదు కూడా. అదే బీజాక్షరాలున్న మంత్రం అనేసరికి మాత్రం ఉపదేశం లేకుండా ముట్టుకోకూడదు అనేవారు. నామానికి నియమం లేదు, మంత్రానికి ఉంది. ఇది మూఢనమ్మకమని చాలామంది కొట్టిపారేస్తారు, నాకు అలా అనిపించదు. తేలికైన సాధన అందరికీ వదిలేసి, తీవ్రమైన సాధన మాత్రం ఎవరో ఒకరి కనుసన్నలలో జరగాలని పెట్టుకున్న ఏర్పాటు అది. హఠయోగ గ్రంథాల్లోనూ ఇదే ఉంది: సింహాన్నీ ఏనుగునీ పులినీ మచ్చిక చేసుకున్నట్టు ప్రాణాన్ని మెల్లమెల్లగా వశం చేసుకోవాలి, తొందరపడితే అది సాధకుణ్ణే చంపుతుంది అని. వందల ఏళ్ళ క్రితం యోగులు తమ శిష్యులకి చెప్పుకున్న హెచ్చరిక ఇది.

ఇప్పుడు యూట్యూబ్‌లో ఏం జరుగుతోందో చూడండి. శ్వాసని గమనించే వీడియో పక్కనే, అదే సైజులో, ఇరవై ఒక్క రోజుల్లో కుండలిని లేపే వీడియో ఉంటుంది. కొత్తవాడికి రెండూ ఒకటే. పైగా రెండోదే బాగా ఆకర్షిస్తుంది.

నాకు తెలిసిన ఒక కుర్రాడు, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అమెరికా వాళ్ళతో రాత్రిళ్ళు కాల్స్, ఆ టెన్షన్ తగ్గుతుందని ధ్యానం మొదలుపెట్టాడు. కొన్ని వారాలు హాయిగానే ఉంది. తర్వాత వీడియోలు చూసి అర్ధరాత్రి గబగబా ఊపిరి తీసే క్రియలు మొదలుపెట్టాడు, వేళ్ళు జివ్వుమంటున్నాయి, తల తేలిపోతోంది, మూతి చుట్టూ చీమలు పాకినట్టుంది, ఇంకేముంది, శక్తి మేలుకుంటోంది అనుకున్నాడు. నిజానికి జరుగుతున్నది ఒంటికి సంబంధించిన సంగతి. అవసరానికి మించి వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, అది పడిపోతే మెదడులో రక్తనాళాలు ముడుచుకుంటాయి, అందుకే తల తిరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ అలా తగ్గడం వల్లే చేతులు తిమ్మిరెక్కుతాయి, ఒక్కోసారి వేళ్ళు కొంకర్లు పోతాయి. పక్కన తెలిసినవాళ్ళు ఉంటే నిమిషంలో ఆపించి, మామూలుగా ఊపిరి తీసుకో నాయనా అనేవాళ్ళు. ఎవరూ లేరు. ఆ తర్వాత నిద్ర పోయింది. నిద్ర లేకపోయినా హుషారుగా ఉన్నాడు, దాన్నీ సాధన ఫలమే అనుకున్నాడు. ఇంట్లోవాళ్ళు గమనించేసరికి తనకేదో ప్రత్యేకమైన పని అప్పగించబడిందని అర్ధరాత్రి అందరికీ ఫోన్లు చేస్తున్నాడు. సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళారు, మందులతో తేరుకున్నాడు, మళ్ళీ ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఇతని కథలో ధ్యానం ఒక్కటే కారణమని నేననను. నైట్ డ్యూటీలు, నిద్రలేమి, ఒంటరిగా అద్దె గది, ఇవన్నీ కలిశాయి. బైపోలార్ లాంటి జబ్బు లోపల దాగి ఉన్నవాళ్ళకి వరసగా నిద్ర చెడితే చాలు, ఉన్మాదం పైకి లేవొచ్చు. తనకి అలాంటిది ఉందని అతనికే తెలియదు.

ఇది అరుదా అంటే, మనం అనుకున్నంత అరుదేం కాదు. 2020లో మిగెల్ ఫారియాస్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు కలిసి ధ్యానం మీద అంతకుముందు జరిగిన 83 అధ్యయనాలని ఒకచోట పెట్టి చూశారు. చేసినవాళ్ళలో సుమారు 8.3 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చినట్టు తేలింది, వాటిలో ఎక్కువ కనిపించినవి ఆందోళన, దిగులు. మానసిక చికిత్సల్లోనూ ఇబ్బంది పడేవాళ్ళు దాదాపు ఇంతమందే ఉంటారని వాళ్ళే అన్నారు, కాబట్టి హడలిపోవాల్సిన పని లేదు. కానీ అంతకుముందు ఏ మానసిక సమస్యా లేనివాళ్ళకి కూడా వచ్చాయి అన్న మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. 2017లో అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీకి చెందిన జారెడ్ లిండాల్, విలబీ బ్రిటన్ బృందం 60 మంది సాధకులతో వివరంగా మాట్లాడి, ధ్యానంలో ఎదురయ్యే ఇబ్బందికరమైన, ఊహించని అనుభవాలని 59 రకాలుగా వర్గీకరించింది. భయం, నిద్ర పట్టకపోవడం, తన ఒళ్ళు తనది కానట్టు అనిపించడం, వెలుగులు, శబ్దాలు, ఇలా. మనవాళ్ళలో ఎవరికైనా ఇవి వస్తే బయటికి చెప్పుకోరు. చెబితే పిచ్చి అంటారని భయం, లేదా సిద్ధి వచ్చిందని గర్వం. రెండూ నోరు మూయించేవే.

గురువు లేకుండానే రమణ మహర్షికి జ్ఞానం కలగలేదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. కలిగింది. 1896లో, మదురైలో, పదహారేళ్ళ వయసులో, మనిషి రూపంలో గురువు ఎవరూ లేకుండానే. కానీ ఆ తర్వాత తిరువణ్ణామలైలో ఏం జరిగిందో కూడా చదవండి. గుళ్ళో పాతాళలింగం దగ్గర నేలగదిలో కూర్చుంటే తొడలని పురుగులు తొలిచేశాయి, రక్తం, చీము కారుతున్నా ఆయనకి తెలియలేదు. రాళ్ళు వేసే పిల్లల్ని ఆ ఊళ్ళోనే ఉన్న శేషాద్రి స్వామి అనే సాధువు ఆపడానికి చూశాడు, కొందరు ఎత్తుకుని బయటికి తీసుకొచ్చారు, నోట్లో ఇంత ఆహారం పెట్టి కాపాడారు. గురువు లేకపోవచ్చు, చూసుకునే మనుషులు మాత్రం ఉన్నారు. ఆ దశలో ఆయన్ని ఎవరూ పట్టించుకోకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికే భయమేస్తుంది. మన మియాపూర్ ఫ్లాట్లో తలుపు గడియ పెట్టుకుని కూర్చునేవాణ్ణి ఎవరు ఎత్తుకుని బయటికి తెస్తారు చెప్పండి?

ఇంకో పక్క గోపీకృష్ణ ఉన్నాడు, కశ్మీరీ పండితుడు, మామూలు ప్రభుత్వ ఉద్యోగి. పదిహేడేళ్ళ వయసు నుంచీ తెల్లవారుజామున ధ్యానం చేసుకుంటూ వచ్చాడు. 1937లో ఒకరోజు ఒక్కసారిగా ఏదో వెలుగు ప్రవాహంలా వెన్నులోంచి తలలోకి పాకింది. ఆ తర్వాత మాత్రం ఒళ్ళంతా మంటలు, నిద్ర లేదు, తిండి సహించదు, పిచ్చెక్కిపోతుందేమోనన్న భయం. సలహా చెప్పగల మనిషి కోసం వెతికాడు, దొరకలేదు. తన అనుభవాన్ని తర్వాత తనే వివరంగా రాసి లోకానికి చెప్పాడు, అందుకు ఆయనకి మనం రుణపడి ఉండాలి.

మన తెలుగువాడు కావ్యకంఠ గణపతి ముని సంగతి నాకు చాలా ఇష్టం. బొబ్బిలి ప్రాంతంవాడు, మహాపండితుడు, ఏళ్ళ తరబడి మంత్రజపాలు చేసినవాడు. అంతటి వాడు 1907లో కొండ ఎక్కి, తనకంటే చిన్నవాడైన, మౌనంగా ఉంటున్న రమణ మహర్షి దగ్గరికి వెళ్ళి, ఇంత జపం చేశాను, తపస్సంటే ఏమిటో మాత్రం నాకు తెలియలేదు అని అడిగాడు. అడగడానికి సిగ్గుపడలేదు. గీతలో కృష్ణుడు కూడా జ్ఞానం కోసం పెద్దల దగ్గరికి వెళ్ళమన్నప్పుడు నమస్కారం, సేవ అని ఊరుకోలేదు, పరిప్రశ్న అని కూడా అన్నాడు, అంటే బాగా గుచ్చి గుచ్చి అడగడం.

మరి హైదరాబాద్‌లో ఎవరిని అడగాలి? మనకి నేర్పేచోట్లకి కొదవ లేదు. దోమలగూడ రామకృష్ణ మఠంలో ధ్యానం తరగతులున్నాయి, గచ్చిబౌలిలో బ్రహ్మకుమారీల శాంతి సరోవర్ ఉంది, చేగూరు దగ్గర కాన్హా శాంతివనం ఉంది, వనస్థలిపురం దాటి సాగర్ రోడ్డులో విపశ్యన కేంద్రం ధమ్మఖేత్త ఉంది. ఎక్కడికైనా వెళ్ళండి, నేను ఏదీ ఎక్కువని చెప్పను. కాకపోతే హాల్లో వేలమందితో పాటు కళ్ళు మూసుకుంటే గురువు దొరికినట్టు కాదు. మీ పేరు తెలియని గురువు మీలో వచ్చిన మార్పుని ఎలా కనిపెడతాడు? అందుకని అక్కడ పాతవాళ్ళలో ఒకరిని పట్టుకోండి, ఫోన్ ఎత్తేవాళ్ళని. విపశ్యన పదిరోజుల కోర్సు అయితే తెల్లవారుజామున 4 గంటలకు లేవాలి, రోజుకు సుమారు 10 గంటలు ధ్యానం, మౌనం, ఫోన్ ఉండదు. కొత్తవాడికి అది చాలా తీవ్రమైన సాధన. అప్లికేషన్‌లో మానసిక ఆరోగ్యం గురించి అడుగుతారు, రానివ్వరేమోనని అక్కడ దాచేవాళ్ళు ఉన్నారు. దయచేసి దాచకండి, ఆ ప్రశ్న మీ కోసమే ఉంది.

నేర్పేవాళ్ళ అనుభవం నిజమైనదా కాదా అన్నది నాకు ఒక్క దగ్గర తెలిసిపోతుంది. మీరు వెళ్ళి, అండీ, కూర్చుంటే భయమేస్తోంది, నిద్ర పట్టడం లేదు అన్నారనుకోండి. కర్మ కడుక్కుపోతోంది, ఇంకా ఎక్కువ చెయ్యి అని వెంటనే అనేశారంటే అక్కడి నుంచి వచ్చేయండి. ఎన్నాళ్ళ నుంచి, ఏం తింటున్నారు, ఇంట్లో ఏమైనా జరిగిందా, మందులు ఏమైనా వాడుతున్నారా అని నాలుగు ప్రశ్నలు అడిగి, కొన్నాళ్ళు ఆపమ్మా అన్నవాళ్ళని వదులుకోకండి. ఇక మందులు మానేయమన్నవాళ్ళు, ఇంట్లో చెప్పొద్దన్నవాళ్ళు ఎంత గొప్పవాళ్ళయినా ప్రమాదమే. గురువు లేకపోవడం కంటే అలాంటి గురువు దొరకడం పెద్ద కష్టం, ఇది చాలా బాధతో చెబుతున్నాను.

ఒంటరిగా చేసుకునేవాళ్ళకి కొన్ని మాటలు. పదిహేను నిమిషాలు దాటకండి, కొన్ని నెలల దాకా. రాత్రి పడుకోబోయే ముందు గబగబా ఊపిరి తీసే క్రియలు వద్దు. బీపీ, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్ళు, గర్భిణులు భస్త్రిక, కపాలభాతి లాంటి గబగబా ఊపిరి తీసే క్రియలు, ఊపిరి బిగబట్టే కుంభకం డాక్టర్‌ని అడక్కుండా అసలు చేయొద్దు. గతంలో పెద్ద దెబ్బ తిన్నవాళ్ళకి, అంటే ప్రమాదమో, చిన్నప్పుడు జరిగిన హింసో, కళ్ళు మూసుకుని ఒంటి మీద దృష్టి పెడితే ఆ జ్ఞాపకాలే మీద పడొచ్చు. అలాంటప్పుడు కళ్ళు సగం తెరిచి, దీపాన్నో కిటికీ బయట చెట్టునో చూడండి, లేదా ఇందిరా పార్కులో అడుగు అడుగూ గమనిస్తూ నడవండి. అదీ ధ్యానమే, ఎవరూ తక్కువ అనుకోనక్కర్లేదు.

ఏదైనా తేడా వస్తే, అంటే నిద్ర తగ్గినా అలసట లేకపోవడం, గొంతులు వినపడటం, పగలంతా లోకం కలలా అనిపించడం, ఊరికే భయం, వెంటనే ధ్యానం ఆపేయండి. కడుపునిండా తినండి, మనుషులతో మాట్లాడండి, ఇంటిపని చేయండి, నిద్రపోండి. ఆపితే సాధన పాడవుతుందన్న భయం పెట్టుకోకండి. గొంతులు వినపడుతున్నా, రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోయినా ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుని కలవండి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. ఇల్లు కదలలేకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అంటారు, 2022 నుంచి నడుస్తోంది, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉండకండి, పక్కింటివాళ్ళ తలుపైనా కొట్టండి.

ఇంట్లోవాళ్ళకి కూడా చెబుతున్నాను. పిల్లవాడు ధ్యానం చేస్తున్నాడని మురిసిపోయి వదిలేయకండి, తింటున్నాడా, నిద్రపోతున్నాడా, ఇదివరకటిలా నలుగురితో కలుస్తున్నాడా అని చూస్తూ ఉండండి. తేడా కనిపిస్తే గాలి సోకిందని తాయత్తుల కోసం తిరిగి రోజులు పోగొట్టొద్దు.

ఇక మీరు అడగండి. మందులు వాడుతున్నవాళ్ళకి అందరి ముందూ అడగడం ఇబ్బందైతే, తర్వాత బయట బెంచీ దగ్గర కూర్చుంటాను, అక్కడికి రండి.